వీసా అయిపోయినా ఉండొచ్చు, వీసా ఉన్నా ఉండకూడదు: హెచ్-1బి రెన్యూవల్ చిక్కుముడి

మా బాబాయి కూతురికి సంబంధం కుదిరింది, మాఘమాసంలో పెళ్లి అని చెప్పడానికి అమ్మ ఫోన్ చేసింది. అబ్బాయి ఏం చేస్తాడు, ఏ ఊరు, ఫంక్షన్ హాల్ ఎక్కడ, అన్నీ చెప్పాక "ఇంతకీ నీ స్టాంపింగ్ అయిందట్రా?" అని అడిగింది. స్టాంపింగ్ అంటే కాన్సులేట్‌కి వెళ్లి పాస్‌పోర్టులో కొత్త వీసా వేయించుకోవడం. ఖమ్మం దాటి పెద్దగా ఎటూ వెళ్లని మనిషికి ఆ మాట ఎలా తెలుసంటే, నేను డాలస్ వచ్చిన ఈ పదకొండేళ్లలో ఏ పెళ్లికి రాలేకపోయినా, ఏ దినాలకి అందలేకపోయినా ఇంట్లో వినపడిన కారణం అదే. "మొన్న ఏదో మూడేళ్లకి రెన్యూవల్ అయిందన్నావుగా, మళ్లీ స్టాంపింగ్ ఏంటి?" అని కూడా అడిగింది. ఆ ప్రశ్నలో తప్పేం లేదు. ఇక్కడ ఏళ్ల తరబడి ఉంటున్నవాళ్లు కూడా చాలామంది ఇక్కడే తడబడతారు.

హెచ్-1బి అంటే కంపెనీ ద్వారా వచ్చే అమెరికా ఉద్యోగ వీసా. మనం "వీసా రెన్యూవల్" అని ఒక్క మాటలో తేల్చేస్తాం గానీ, దాని కింద వేర్వేరు శాఖలు ఇచ్చే వేర్వేరు కాగితాలున్నాయి, ఒక్కోదానికి ఒక్కో గడువు, ఒకటి పొడిగిస్తే రెండోది దానంతటది పెరగదు. వాటిలో మీరు ఇక్కడ ఉండొచ్చో లేదో తేల్చేది ఏది అని అడిగితే చాలామంది పాస్‌పోర్టులో అంటించిన రంగురంగుల వీసా కాగితం చూపిస్తారు. అది కాదు.

ఆ కాగితం పని గుమ్మం దాకా తీసుకురావడం. దాన్ని విదేశాంగ శాఖ కింద పనిచేసే కాన్సులేట్ ఇస్తుంది, దాని మీదున్న తేదీ లోపల మీరు ఎయిర్‌పోర్టుకి వచ్చి లోపలికి రానివ్వమని అడగొచ్చు, అంతే. లోపలికి వచ్చాక ఎన్నాళ్లు ఉండాలో చెప్పేది ఐ-94 అనే రికార్డు. అది హోంలాండ్ సెక్యూరిటీ వాళ్ల చేతిలో పని, ఎయిర్‌పోర్టులో ఆఫీసర్ మీ వేలిముద్రలు తీసుకుని కంప్యూటర్లో ఒక తేదీ కొడతాడు చూడండి, అదే. కాబట్టి వీసా కాగితం నిన్ననే ముగిసిపోయినా ఐ-94లో ఇంకా రెండేళ్లుంటే మీరు నిక్షేపంగా ఉండొచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు. వీసా ఇంకా ఏడాది ఉన్నా ఐ-94 గడువు దాటిపోతే ఆ మర్నాటి నుంచి మీరు ఇక్కడ ఉండకూడని మనిషి.

ఒకప్పుడు ఆ ఐ-94ని తెల్ల కార్డు ముక్కగా పాస్‌పోర్టుకి పిన్ను కొట్టేవారు. 2013 నుంచి విమానాల్లో వచ్చేవాళ్లకి ఆ కార్డు ఇవ్వడం మానేశారు, అంతా ఎలక్ట్రానిక్. అంటే మీ బతుకుతెరువు ఆధారపడిన తేదీని మీకు ఎవరూ చేతికివ్వరు, ప్రభుత్వ ఐ-94 సైట్లోకి వెళ్లి మీరే చూసుకోవాలి. అక్కడ మన పేర్లతో ఇంకో తలనొప్పి. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు మనది, పాస్‌పోర్టు తీసుకున్నప్పుడు సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి పేరంతా ఒకచోట కుక్కేసిన వాళ్లు మనలో బోలెడుమంది, అలాంటివాళ్లకి అమెరికా వీసా మీద మొదటి పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది, అంటే ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అన్నమాట. వాళ్లు ఆ సైట్లో పేరు కొడితే రికార్డు దొరకలేదని వస్తుంది, గుండె జారిపోతుంది, పేర్లు అటూ ఇటూ మార్చి, వీసా మీద ఎలా ఉందో అచ్చం అలాగే కొడితే అప్పుడు కనిపిస్తుంది.

ఈ తేదీ విషయంలో నాకు తగిలిన దెబ్బ చెబుతాను. 2023 జనవరిలో సంక్రాంతి చేసుకుని తిరిగొచ్చాం. నా పిటిషన్, అంటే కంపెనీ నా కోసం వేసిన హెచ్-1బి దరఖాస్తుకి వచ్చిన ఆమోదం, 2025 సెప్టెంబర్ దాకా ఉంది, వీసా కూడా అప్పటిదాకా ఉంది, ఆఫీసర్ రెండు ప్రశ్నలడిగి పంపేశాడు, బయటికొచ్చి కార్లో సామాను సర్దుకుంటున్నాం. మా ఆవిడకి ఒక అలవాటుంది, ఎయిర్‌పోర్టు దాటకముందే అందరి ఐ-94లు ఫోన్లో తీసి చూస్తుంది. "ఏవండీ, నాకు 2025 సెప్టెంబర్ అని ఉంది, మీకేంటి ఈ నవంబర్ అని ఉంది?" అంది. ముందు తనే తప్పు చూసిందనుకున్నాను. కాదు. నా పాస్‌పోర్టు 2023 నవంబర్లో అయిపోతుంది, ఆఫీసర్ ఐ-94ని అక్కడితో కత్తిరించేశాడు. ఆయన తప్పేం లేదు, పాస్‌పోర్టు గడువు దాటి తేదీ ఇవ్వకపోవడం మామూలే. నాకే తెలియలేదు. ఆవిడ చూడకపోయి ఉంటే, నా దగ్గరున్న పెద్ద అప్రూవల్ కాగితం చూసుకుని 2025 దాకా ధీమాగా ఉండేవాణ్ని, నవంబర్ తర్వాత ప్రతి రోజూ లెక్కలోకి ఎక్కుతూ పోయేది.

ఆ లెక్క చిన్నది కాదు. గడువు దాటి 180 రోజులకు మించి ఉండి బయటికెళితే మూడేళ్లు మళ్లీ రానివ్వరు, ఏడాదో అంతకన్నా ఎక్కువో అయితే పదేళ్లు.

ఇలా జరిగితే ముందు పాస్‌పోర్టు రెన్యూ చేయించుకోవాలి, కానీ కొత్త పాస్‌పోర్టు వచ్చినంత మాత్రాన ఐ-94 దానంతటది పెరగదు. ఎయిర్‌పోర్టు దగ్గరుండే డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసుకి వెళితే వాళ్లు అక్షరదోషాలూ తమవైపు జరిగిన పొరపాట్లూ దిద్దుతారు, పాస్‌పోర్టు ప్రకారం ఇచ్చిన తేదీ వాళ్ల లెక్కలో పొరపాటు కాదు. ఇక మిగిలేవి రెండు దారులు: కంపెనీ చేత ఎక్స్‌టెన్షన్ వేయించడం, లేదా కొత్త పాస్‌పోర్టుతో ఒకసారి దేశం దాటి మళ్లీ లోపలికి రావడం. నేను కెనడా విజిటర్ వీసా తీసుకుని టొరంటో వెళ్లొచ్చాను. అక్కడ విమానం ఎక్కకముందే అమెరికా ఆఫీసర్లు తనిఖీ చేస్తారు. పక్క దేశానికి రెండ్రోజులు వెళ్లొస్తే పాత ఐ-94నే కొనసాగించే వీలుంది కాబట్టి, కొత్తది కావాలని నోరు తెరిచి అడగాలి. అడిగాను, ఇచ్చాడు. టికెట్లూ హోటలూ వీసా ఫీజూ కలిపితే ఆ ఒక్క తేదీ నాకు ఎంతకి పడిందో ఇప్పటికీ మా ఆవిడ ముందు ఎత్తను.

దీనికి కవల లాంటి ఉచ్చు ఇంకొకటుంది. ఇక్కడ ఉండగానే మీకు ఎక్స్‌టెన్షన్ వచ్చింది, ఐ-797ఎ అనే అప్రూవల్ కాగితం వచ్చింది, దాని అడుగున కొత్త ఐ-94 అచ్చేసి ఉంటుంది. చింపి పాస్‌పోర్టులో పెట్టుకోమని అక్కడ రాసి ఉంటుంది గానీ మనవాళ్లెవరూ చింపిన పాపాన పోరు, ప్లాస్టిక్ ఫైల్లో పెట్టి బీరువాలో దాస్తారు. తర్వాత ఇండియా వెళ్లి పాత వీసాలో ఇంకా కొన్ని నెలలున్నాయి కదా అని దాంతోనే తిరిగొస్తారు, బీరువాలో ఉన్న కాగితం బీరువాలోనే ఉంటుంది, ఆఫీసర్ వీసా మీదున్న తేదీ చూసి దాని ప్రకారమే ఐ-94 ఇస్తాడు. ఇప్పుడు చెల్లేది ఏది? చివరగా ఇచ్చింది. ఇంట్లో ఉన్న మూడేళ్ల కాగితం ఎంత పెద్దదైనా, ఎయిర్‌పోర్టులో నిన్న ఇచ్చిన ఆరు నెలల తేదీయే మీ గడువు. అందుకే ఐ-797ని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకు తిరగమనేది, పాస్‌పోర్టుతో పాటు దాన్ని కూడా ఆఫీసర్ చేతిలో పెట్టమనేది.

ఇక ఎక్స్‌టెన్షన్. ఇది ఎక్కడా స్లాటు అక్కర్లేని పని, దేశం దాటక్కర్లేదు, కానీ మీ చేతిలో ఉండదు. హెచ్-1బి పిటిషన్ కంపెనీది. కంపెనీ ముందు కార్మిక శాఖ దగ్గర ఎల్‌సీఏ అనే ఆమోదం తీసుకుంటుంది, ఫలానా ఊళ్లో ఫలానా జీతానికి ఈ ఉద్యోగం అని, దానికి ఏడు పని దినాలు. ఆ వివరాలున్న నోటీసుని పనిచేసే చోట రెండు చోట్ల పది రోజులు అందరికీ కనపడేలా పెట్టాలి. ఇంట్లోంచి పనిచేసే రోజుల్లో మాకు "పనిచేసే చోటు" ఇల్లే కాబట్టి ఒక కాపీ ఫ్రిజ్ మీద, ఇంకోటి గరాజ్ తలుపు మీద అంటించాను, నా జీతం ఎంతో మా ఇంటికి భోజనానికొచ్చిన వాళ్లందరూ పెరుగు గిన్నె తీసుకుంటూ చదువుకున్నారు. ఆ తర్వాత ఐ-129 అనే దరఖాస్తు. గడువుకి ఆరు నెలలకంటే ముందు వేయడానికి వీల్లేదు, గడువు దాటాక వేస్తే మామూలుగా చెల్లదు. ఆరు నెలల కిటికీ తెరుచుకున్న రోజు నుంచే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి, మొహమాటపడకండి, వాళ్లకి మీరు స్ప్రెడ్‌షీట్లో ఒక వరుస.

గడువులోపు దరఖాస్తు పడి, నిర్ణయం రాకముందే ఐ-94 అయిపోతే ఏమిటి? ఇక్కడే 240 రోజుల నియమం కాపాడుతుంది. అదే కంపెనీలో 240 రోజుల వరకు పని చేసుకోవచ్చు, రశీదు నోటీసే మీ ఆధారం. కానీ ఈ వెసులుబాటుని చూసుకుని మరీ నిబ్బరంగా కూర్చోవడం నాకు నచ్చదు. ఆ మధ్యలో తిరస్కరిస్తే ఆ రోజే పని ఆపాలి. పైగా చాలా రాష్ట్రాల్లో డ్రైవింగ్ లైసెన్సు గడువుని మన ఇమిగ్రేషన్ కాగితాల గడువుతో ముడేస్తారు, రశీదు పట్టుకుని లైసెన్సు ఆఫీసుకి వెళితే కౌంటర్లో ఒకరు సరే అంటారు, ఇంకొకరు అప్రూవల్ తెమ్మంటారు. కారు లేకపోతే పాలప్యాకెట్ కూడా తెచ్చుకోలేని ఊళ్లలో అది చిన్న కష్టం కాదు. ప్రీమియం ప్రాసెసింగ్ అని ఒకటుంది, దాదాపు మూడు వేల డాలర్లు, 15 పని దినాల్లో ఏదో ఒక జవాబు వస్తుంది. ఆ జవాబు ఆర్‌ఎఫ్‌ఈ కూడా కావచ్చు, అంటే ఇంకా ఆధారాలు పంపమని.

భార్యాభర్తల్లో ఒకరిది హెచ్-4, అంటే హెచ్-1బి వాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా, అయితే వాళ్ల సంగతి వేరే దరఖాస్తు, ఐ-539. కంపెనీ పిటిషన్ ఆమోదం పొందితే వాళ్లది ఆటోమేటిక్‌గా పెరుగుతుందనుకుని మర్చిపోయినవాళ్లు ఉన్నారు, పెరగదు. పిల్లలకి కూడా వేయాలి, ఆరేళ్ల పిల్లాడికైనా సరే ఐ-94 ఐ-94యే. హెచ్-4 మీద ఉద్యోగం చేసేవాళ్ల ఈఏడీ, అంటే పని చేసుకోవడానికి అనుమతిచ్చే కార్డు, ఇంకా కష్టంగా మారింది. 2015లో ఈ సదుపాయం వచ్చినప్పుడు మా అపార్ట్‌మెంట్లలో ఎంతమంది ఆడవాళ్లు మళ్లీ రెజ్యూమేలు దుమ్ము దులిపారో నాకు గుర్తు. మొన్నమొన్నటిదాకా రెన్యూవల్ వేస్తే, ఐ-94 ఉన్నంతమేరకు, పాత కార్డు గడువు 540 రోజుల దాకా దానంతటది పెరిగేది. 2025 అక్టోబర్ 30 నుంచి వేసిన రెన్యూవళ్లకి అది తీసేశారు. కార్డు ముగిసే రోజుకి కొత్త కార్డు చేతికి రాకపోతే ఇంట్లో కూర్చోవాల్సిందే.

హెచ్-1బి మొత్తం ఆరేళ్లు, ఒక్కోసారి గరిష్ఠంగా మూడేళ్లు. మరి నేను పదకొండేళ్ల నుంచి ఎలా ఉన్నానంటే గ్రీన్‌కార్డు లైను పుణ్యమా అని. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 అనే పిటిషన్ ఆమోదం పొంది, మన వంతు రాకపోతే మూడేసి ఏళ్ల చొప్పున పొడిగించుకుంటూ పోవచ్చు, 2000లో వచ్చిన చట్టం అది. గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడు శాతం అనే పరిమితి వల్ల భారతీయుల వంతు ఎప్పటికి వస్తుందో లెక్క వేయడం మానేశాం. ఆరేళ్ల లెక్కలో ఇండియాలో గడిపిన రోజులు కలపక్కర్లేదు, వాటిని తిరిగి అడగొచ్చు, కాబట్టి పాత బోర్డింగ్ పాసులు పారేయకండి.

ఇంతవరకూ అమెరికాలో ఉండి చేసే పని. అమ్మ అడిగిన స్టాంపింగ్ ఇక్కడ మొదలవుతుంది, అంటే దేశం దాటితేనే మొదలవుతుంది. ఎక్స్‌టెన్షన్ వచ్చినా పాస్‌పోర్టులో వీసా కాగితం పాతదే, తేదీ అయిపోయిందే. ఇక్కడే కూర్చున్నంతకాలం దాంతో పనిలేదు. ఇండియా వెళ్లారా, తిరిగి రావాలంటే కాన్సులేట్‌కి వెళ్లి కొత్తది వేయించుకోవాల్సిందే.

ఈ పని ఇక్కడే ఎందుకు చేయరు? ఒకప్పుడు చేసేవారు. పాస్‌పోర్టు పోస్టులో పంపితే అమెరికాలోనే కొత్త వీసా వేసి పంపేవారు, వేలిముద్రల నిబంధన వచ్చాక 2004 జూలైలో ఆపేశారు. ఇరవై ఏళ్ల తర్వాత, 2024 జనవరి 29 నుంచి ఏప్రిల్ 1 వరకు 20,000 మందికి ప్రయోగాత్మకంగా మళ్లీ పెట్టారు, అది కూడా ఇండియాలో 2021 ఫిబ్రవరి, సెప్టెంబర్ నెలల మధ్య వీసా తీసుకున్నవాళ్లకీ, కెనడాలో కొన్ని తేదీల మధ్య తీసుకున్నవాళ్లకీ. మా టీమ్‌లో ఒకతనికి వచ్చింది, పెరట్లో లాటరీ టికెట్ దొరికినట్టు అందరం వాడి పాస్‌పోర్టు చేతులు మార్చుకుని చూశాం. ఆ ప్రయోగం అక్కడితో ఆగింది.

ఆ మధ్య కొన్నేళ్లు డ్రాప్‌బాక్స్ మనల్ని బాగానే గట్టెక్కించింది. పాత వీసా అయిపోయి 48 నెలలు దాటకపోతే ఇంటర్వ్యూ లేకుండా పాస్‌పోర్టు ఇచ్చేసి రావడమే. హైదరాబాద్‌లో హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ కింది అంతస్తులో ఆ సెంటర్, వరసలో నిలబడితే పైన రైలు వెళ్తున్న అదురు కాళ్లకి తెలుస్తుంది, కాగితాలిచ్చేసి పక్కనే టీ తాగి ఇంటికెళ్లిపోవడం. 2025 మొదట్లో ఆ 48 నెలల్ని 12కి కుదించారు, 2025 సెప్టెంబర్ 2 నుంచి హెచ్-1బి వాళ్లకి డ్రాప్‌బాక్సే లేదు, పసిపిల్లలతో సహా అందరికీ నానక్‌రామ్‌గూడలోని కొత్త కాన్సులేట్ భవనంలో ఇంటర్వ్యూ. సరే, ఇండియాలో స్లాట్లు లేకపోతే ఇంకో దేశం వెళ్లి వేయించుకుందాం అన్న పాత చిట్కాకి కూడా నాలుగు రోజుల తర్వాత, సెప్టెంబర్ 6న తాళం పడింది: సొంత దేశంలోనో, నివాసం ఉంటున్న దేశంలోనో వేసుకోండి అన్నారు. మనం నివాసం ఉంటున్నది అమెరికాలో. అక్కడ వీసా ఇవ్వరు.

2025 డిసెంబర్ 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 వాళ్ల సోషల్ మీడియా ఖాతాలు కూడా తనిఖీ చేస్తామన్నారు, ఖాతాలు అందరికీ కనపడేలా తెరిచి పెట్టమన్నారు. దాంతో డిసెంబర్లో ఇంటర్వ్యూ పెట్టుకుని విమానం ఎక్కేసినవాళ్ల అపాయింట్‌మెంట్లు మార్చికీ, ఆపైకీ జరిగిపోయాయి. రెండు వారాల సెలవు మీద వచ్చినవాళ్లు సూట్‌కేసులు విప్పుకుని అత్తగారింట్లో నెలల తరబడి ఉండిపోయారు. ఇంటర్వ్యూ అయినా 221(జి) కాగితం, అంటే వీసా ఇప్పుడే ఇవ్వం, ఇంకా పరిశీలించాలి అని చెప్పేది, చేతిలో పెడితే మళ్లీ ఎదురుచూపే. చిలుకూరు బాలాజీ గుడిలో వీసా వచ్చాక 108 ప్రదక్షిణలు చేసేవాళ్ల సంఖ్య తగ్గిందో పెరిగిందో నాకు తెలియదు గానీ, మొదటి 11 చేసి వెళ్లేవాళ్లయితే తగ్గి ఉండరు.

హెచ్-1బి మీద పెట్టిన లక్ష డాలర్ల ఫీజు సంగతి కూడా చెప్పాలి, దాని మీద ఇప్పటికీ గందరగోళం ఉంది. 2025 సెప్టెంబర్ 19 శుక్రవారం సాయంత్రం ప్రకటన వచ్చింది, ఆదివారం నుంచి అమలు. ఆ రాత్రి ఇండియాలో ఉన్న మా కొలీగ్ ఒకతను పిల్లల్ని నిద్రలేపి శంషాబాద్‌కి పరిగెత్తాడు. తర్వాత తేలిందేమిటంటే అది కొత్త పిటిషన్లకి, ముందే వీసా ఉన్నవాళ్లకి కాదు. అక్టోబర్ 20న ఇచ్చిన వివరణ ప్రకారం అమెరికాలో ఉండి వేసుకునే ఎక్స్‌టెన్షన్‌కి అది వర్తించదు. అయితే ఒక మెలిక ఉంది: మీ స్టేటస్, అంటే ఇక్కడ చట్టబద్ధంగా ఉండే హోదా, చెడిపోయిందని ఎక్స్‌టెన్షన్ ఇవ్వకుండా, దేశం బయటికెళ్లి వీసా తెచ్చుకోమంటే అప్పుడు ఆ ఫీజు మీద పడుతుంది. ఇప్పుడు ఐ-94 తేదీ తప్పడం ఎంత ఖరీదైన పనో చూడండి.

ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చేది 60 రోజులు, లేదా ఐ-94 గడువు, ఏది ముందొస్తే అది. ఇక్కడా ఆ తేదీయే.

వీసా అయిపోయినా దాటడానికి వీలున్న చిన్న సందు ఒకటి మిగిలే ఉంది. ఐ-94 చెల్లుబాటులో ఉంటే, కెనడాకో మెక్సికోకో వెళ్లి 30 రోజుల్లోపు తిరిగి రావచ్చు, పాత వీసాతోనే. కానీ అక్కడ ఉన్నప్పుడు కొత్త వీసాకి దరఖాస్తు పెట్టకూడదు, పెడితే ఈ సౌకర్యం పోతుంది. విమానం కౌంటర్లో ఉన్న అమ్మాయికి ఈ నియమం తెలియకపోవచ్చు, ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. ఇలాగే ఇంకోటి: పాస్‌పోర్టు మారినా పాత దాంట్లో ఉన్న వీసా చెల్లుతుంది, రెండూ కలిపి పట్టుకెళ్లాలి.

మీ కేసులో ఏదైనా తేడా ఉంటే వాట్సాప్ గ్రూపుని కాకుండా లాయర్ని అడగండి, గ్రూపులో జవాబిచ్చేవాడి ఐ-94 మీ ఐ-94 కాదు.

ఇప్పుడు మా ఇంటి లెక్క. నా ఎక్స్‌టెన్షన్ 2028 సెప్టెంబర్ దాకా వచ్చింది, పాస్‌పోర్టు 2033 దాకా ఉంది, వీసా కాగితం మాత్రం 2025 సెప్టెంబర్లో అయిపోయింది. మా ఆవిడదీ అంతే. అమ్మకి ఇదంతా ఎలా చెప్పాలా అని ఆలోచించి, "ఇక్కడ ఉండటానికి ఢోకా లేదమ్మా, అక్కడికి వస్తే తిరిగి వెళ్లడానికే లేదు" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "అంటే ఉద్యోగం ఉంది, ఇల్లుంది, గడువుంది, పెళ్లికి మాత్రం రాలేవు" అంది. అవునన్నాను. "సరే, తలంబ్రాల టైముకి వీడియో కాల్ చేస్తారంట, అర్ధరాత్రైనా మేలుకుని ఉండు" అని పెట్టేసింది.